చెరువు ఎదురు ఫ్లాటా, పేటలో పాత మిద్దెనా?

సర్జాపూర్_సత్య అడిగారు:

బెంగళూరు తెలుగువాళ్ళందరికీ నమస్కారం. భూమి రికార్డులు, కట్టడాలు తెలిసినవాళ్ళు కాస్త తేల్చిపెట్టండి. ఇంట్లో రెండు పార్టీలైపోయాయి.

ఒకటి, బెళ్ళందూరు-వర్తూరు మధ్య ఏడో అంతస్తులో 1,650 చదరపు అడుగుల ఫ్లాటు, "లేక్ ఫేసింగ్". చెరువు కనపడని వైపు ఫ్లాట్లకంటే అడుగుకు 450 రూపాయలు ఎక్కువ చెప్తున్నారు. అంటే ఒక్క ఆ చూపుకే 7,42,500. రెండోది, పేటలో, అంటే బెంగళూరు పాత బజారు ప్రాంతంలో, బళేపేటలో 20×45 అడుగుల స్థలంలో పాత మిద్దె. కింద రెండు అంగళ్ళు అద్దెకున్నాయి, పైన ఖాళీ. చిక్‌పేట మెట్రో నడిచి వెళ్ళేంత దూరం.

చెరువు పక్షం వాళ్ళు "నీళ్ళ పక్క స్థలం ఎప్పటికీ తగ్గదు, చుట్టూ వాకింగ్ ట్రాక్ వేస్తున్నారు" అంటారు. పేట పక్షం వాళ్ళేమో "చర్చ్ స్ట్రీట్‌ని బాగుచేసినట్టు పేటను కూడా చేస్తారు, అప్పుడు చూడు" అంటారు. ఈ రెండిట్లో నిజమెంత? కొనేముందు ఏమేం చూడాలి?

నక్షా_నరసింహ:

సత్య గారూ, పేట గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు చెప్తారు. నేను చెరువు పక్క కాగితాల వరకే.

రివైజ్డ్ మాస్టర్ ప్లాన్ 2015 ప్రకారం చెరువు చుట్టూ 30 మీటర్లు కట్టడం కూడదు. రాజకాలువలకు, అంటే చెరువుల్లోకి పోయే వాననీళ్ళ కాలువలకు, వేరే లెక్క: ప్రైమరీ అయితే 50, సెకండరీ 25, టెర్షియరీ 15 మీటర్లు, కాలువ నడిమధ్య నుంచి అటూ ఇటూ. 2016 మేలో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెరువుకు 75 మీటర్లు చేసింది, కాలువలకు కూడా పెంచి అంచు నుంచి కొలవమంది. 2019 మార్చి 5న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, పాత దూరాలే మళ్ళీ వచ్చాయి. ఆ రెండు తేదీల మధ్య మంజూరైన ప్లాన్లు ఒక లెక్కలో, ముందూ వెనకా వచ్చినవి ఇంకో లెక్కలో ఉంటాయి. కాబట్టి ఎన్ని మీటర్లు వదిలారో అడిగితే సరిపోదు, ప్లాన్ ఏ తేదీన మంజూరైందో అడగండి.

అందరూ తప్పు చేసేది కొలతలో. 30 మీటర్లు నీళ్ళ అంచు నుంచి కాదు, రెవెన్యూ రికార్డులో ఉన్న చెరువు హద్దు నుంచి. ఏప్రిల్‌లో వెళ్ళి ఎండిన చెరువులో నీళ్ళు ఎక్కడున్నాయో చూసి అక్కడినుంచి అడుగులేస్తే ఎంత దూరమైనా వస్తుంది.

చెరువుకంటే కాలువే ఎక్కువ ముంచుతుంది. ఒక లెక్క చూడండి. స్థలం లోతు 80 మీటర్లు. దాని అంచునే 12 మీటర్ల వెడల్పు ప్రైమరీ కాలువ పోతోంది. కాలువ మధ్య మీ హద్దుకు 6 మీటర్లు అవతల. 50లో ఆరు పోతే 44 మీటర్లు మీ స్థలంలోకే వస్తాయి. కట్టుకోగలిగేది మిగిలిన 36లోనే. అలాంటి స్థలంలో నాలుగు టవర్లు కనపడితే ఏదో ఒక టవర్ బఫర్‌లో, అంటే ఈ కట్టకూడని జాగాలో, నిల్చుందని అర్థం.

బ్రోషర్‌లో "ఎకరా పార్కు" అని ఉంటుంది చూడండి, అది చాలాచోట్ల ఈ బఫరే. చెరువు బఫర్‌ని పార్కు కింద లెక్క చూపించుకోవచ్చని మాస్టర్ ప్లాన్‌లోనే ఉంది, అందులో తప్పేం లేదు. కానీ రేపు క్లబ్ హౌస్, ఈతకొలను అక్కడ వస్తాయని సేల్స్ వాళ్ళు చెప్తే మాత్రం నమ్మకండి.

ఇక కాగితాలు. ముందు తల్లి సర్వే నంబర్, అంటే ఆ అపార్ట్‌మెంట్ కట్టిన అసలు భూమి నంబర్, కనుక్కోండి, ఫ్లాటు నంబరుతో పనిలేదు. గ్రామ నక్షా తీసి ఆ నంబరు మీదుగా జంట గీతలు పోతున్నాయేమో చూడండి, కాలువను అలాగే గీస్తారు. తర్వాత ఆర్‌టీసీ, అంటే మన పహాణీ. మూడో కాలమ్‌లో మొత్తం విస్తీర్ణం కింద ఖరాబు (సాగు లెక్కలోకి రాని భూమి) "ఏ", "బి" అని విడిగా ఉంటుంది. "బి" ఖరాబు ప్రభుత్వానిది: కాలువ, బండిదారి, శ్మశానం లాంటివి. 2 ఎకరాల 10 గుంటల నంబరులో 6 గుంటలు "బి" ఉంటే ఆ ఆరూ ఎవరూ అమ్మలేరు. ఆకార్‌బంద్ (విస్తీర్ణాల రిజిస్టర్), టిప్పణి (సర్వే కొలతల పటం) నకళ్ళు కూడా తెప్పిస్తే ఆ ఆరు గుంటలు ఏ మూలన ఉన్నాయో తేలుతుంది. దిశాంక్ యాప్‌లో నిల్చున్నచోటి సర్వే నంబర్ కనిపిస్తుంది, తొలి చూపుకు బాగుంటుంది. కానీ గీత ఐదారు మీటర్లు అటూ ఇటూ జరుగుతుంది, దాన్ని పట్టుకుని వాదించలేం. లైసెన్సున్న సర్వేయర్‌తో కొలిపించాల్సిందే.

చివరిగా, ఏడో అంతస్తు నుంచి కనపడే చూపుకు చట్టంలో హక్కేమీ లేదు. మీకూ చెరువుకూ మధ్య ఇంకో పట్టా నంబరు ఉంటే, 30 మీటర్లు వదిలి వాళ్ళూ పధ్నాలుగు అంతస్తులు లేపొచ్చు. ఆ ముందు నంబరు ఎవరిదో, ఈసీలో (ఆస్తి లావాదేవీల పత్రం) బిల్డరుతో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ ఏమైనా నమోదైందో రిజిస్ట్రేషన్ శాఖ కావేరీ పోర్టల్లో చూసుకున్నాకే ఏడున్నర లక్షల సంగతి మాట్లాడండి.

అలుగు_మట్టం:

నరసింహ గారు కాగితం చెప్పారు, నేను నీళ్ళ సంగతి చెప్తాను.

బెంగళూరు చెరువులు ఒకదాని కింద ఒకటి గొలుసుగా ఉంటాయి. పై చెరువు నిండి అలుగు (నీళ్ళు పొర్లిపోయే కట్ట) పారితే కింది చెరువులోకి. బెళ్ళందూరు నిండితే వర్తూరు, అక్కణ్ణుంచి దక్షిణ పినాకిని, అంటే తమిళనాడులోకి. 2022 సెప్టెంబరు 4 రాత్రి నగరంలో 131 మి.మీ. పైగా పడింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన విల్లాల్లో ట్రాక్టర్లెక్కి బయటపడ్డారు. వాన ఒక్కటే కారణం కాదు. పైన ఉన్న చెరువులు అప్పటికే నిండి ఉన్నాయి, మధ్యలో కాలువలు కుంచించుకుపోయి ఉన్నాయి.

కాబట్టి మీరు అడగాల్సిన అంకె ఒక్కటే: దగ్గరి చెరువు అలుగు మట్టం ఎంత, మీ బేస్‌మెంట్ ర్యాంప్ పైకొస ఎంత. రెండూ ఒకే బెంచ్‌మార్క్ (ఎత్తు కొలిచే ఆధార గుర్తు) నుంచి ఉండాలి. అలుగు 100.00 అనుకుందాం. పెద్ద వానలో అలుగు మీద అరమీటరు దాకా నీళ్ళు పారతాయి, అంటే 100.50. ర్యాంప్ కొస 100.60 అయితే మిగిలింది జానెడు కూడా కాదు. ఒక లారీ కదిలి అల లేస్తే లోపలికే. మీటరు తేడా ఉంటే నేనైతే ధైర్యంగా ఉంటాను. ఈ మట్టాలు స్ట్రక్చరల్ డ్రాయింగుల్లో ఉంటాయి, ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే ఆటో లెవెల్ (ఎత్తుల తేడా కొలిచే పరికరం) ఉన్న సర్వేయర్‌కి ఒక పూట పని అది.

రెండో దారి వెనక నుంచి వస్తుంది. కాంపౌండ్ వాననీళ్ళ పైపు కాలువలోకి కలిపి ఉంటుంది. కాలువ నిండినప్పుడు అదే పైపులోంచి నీళ్ళు వెనక్కి తన్ని బేస్‌మెంట్ జాలీల్లోంచి ఉబుకుతాయి. గేటు దగ్గర ఇసుక మూటలు పేర్చినా లాభం లేదు. పైపు చివర ఫ్లాప్ వాల్వు, అంటే నీళ్ళను బయటికే పోనిచ్చే మూత, ఉండాలి. ఉన్నా, దాని మూతలో ఒక పాల ప్యాకెట్ ఇరుక్కుంటే మూసుకోదు. వానాకాలం ముందు ఎవరు శుభ్రం చేస్తారు, మెయింటెనెన్స్ ఒప్పందంలో ఆ పని రాసి ఉందా, అడగండి. కరెంటు ప్యానెళ్ళు, జనరేటర్, నీళ్ళ పంపులు బేస్‌మెంట్‌లోనే ఉంటే ఏడో అంతస్తు అయినా ఒకటే, లిఫ్టూ నీళ్ళూ లేకుండా నాలుగు రోజులు.

ఇంకోటి బ్రోషర్లలో రాయరు. బెళ్ళందూరు వైపు మురుగు కుళ్ళి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. 2017 ఫిబ్రవరిలో, మళ్ళీ 2018 జనవరిలో ఆ చెరువు మీద మంటలే లేచాయి. అంత లేకపోయినా ఈ వాయువు రాగిని తినేస్తుంది. సైట్‌కి వెళ్ళినప్పుడు ఇప్పటికే మనుషులున్న బ్లాకులో బాల్కనీల్లో ఏసీ ఔట్‌డోర్ యూనిట్లు చూడండి. రాగి గొట్టం ఎర్రగా, గోధుమరంగులో ఉంటే పర్వాలేదు. మసిపూసినట్టు నల్లగా ఉండి, గోటితో గీస్తే పొడి రాలుతుంటే ఆ ఇంట్లో ఏటా గ్యాసు నింపిస్తూ ఉంటారు. పూజగదిలో వెండి కుందులు ఎన్నాళ్ళకు నల్లబడుతున్నాయో ఆ ఇంటావిణ్ణి అడిగినా చెప్పేస్తారు. గాలి జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడమర, నైరుతి నుంచి. చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి. చెరువుకు మీరు ఏ దిక్కున ఉన్నారో దాన్నిబట్టి ఏ నెలల్లో వాసనో తెలిసిపోతుంది. సేల్స్ వాళ్ళు సైట్ చూపించే నెల ఊరికే ఎంచుకోరు.

సున్నం_సుర్ఖీ:

పేట మిద్దె గురించి నేను చెప్తా. పేటను పొగిడేవాళ్ళు ఎవరూ పైకప్పు ఎక్కి చూడరు.

మొదట అద్దెదార్లు. కర్ణాటక రెంట్ యాక్ట్ 1999లో ఒక అంకె గుర్తుపెట్టుకోండి: 14 చదరపు మీటర్లు. వ్యాపారానికిచ్చిన అంగడి అంతకంటే పెద్దదైతే ఆ చట్టం కిందికి రాదు. లీజు రిజిస్టర్ కాకుండా నెలనెలా అద్దె అయితే 15 రోజుల నోటీసు, ఆపైన సివిల్ దావా. 14 లోపు, అంటే సుమారు 150 అడుగుల్లోపు అయితే రెంట్ యాక్ట్ రక్షణ ఉండొచ్చు, ఉంటే ఖాళీ చేయించడానికి చట్టంలో ఉన్న కారణం చూపించాలి. పేటలో సగం అంగళ్ళు ఈ కొలతకు అటూ ఇటూ ఉంటాయి. టేప్ పట్టుకుని మీరే కొలవండి, అమ్మేవాడి మాట వద్దు. "గుడ్‌విల్" పేరుతో పాత అద్దెదారు ఎప్పుడో డబ్బిచ్చి ఉంటాడు, కాగితం ఉండదు, మీరు కొన్న మర్నాడు బయటికొస్తుంది. అద్దెదార్ల చేత మీ పేరున అద్దె ఒప్పుకుంటున్నట్టు, ఇంకే బాకీ లేదన్నట్టు రాయించుకున్నాకే రిజిస్ట్రేషన్‌కి వెళ్ళండి.

తర్వాత గోడలు. 20 అడుగుల వెడల్పు మిద్దెకు పక్క గోడలు ఉమ్మడివే అయివుంటాయి. పక్కింటి టేకు దూలాల కొనలు మీ గోడలో ఆనుకుని ఉంటాయి. మీరు పడగొడితే వాళ్ళ మిద్దె కిందికొస్తుంది. పాత పత్రంలో "పొరుగు గోడతో సహా" అని ఉందా, "గోడ ఉమ్మడి" అని ఉందా చదవండి. మొత్తం పడగొట్టి కొత్తది కట్టుకుందామనే ఆలోచన అయితే ఇంకో చిక్కు: ఎంత కట్టొచ్చన్నది రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. పదిహేను అడుగుల సందులో ఇప్పుడున్నంత కట్టడం కూడా కొత్త ప్లాన్‌లో రాకపోవచ్చు. మరమ్మతు చేసుకుంటేనే విస్తీర్ణం నిలుస్తుంది.

పైకప్పు మద్రాసు టెర్రస్ అనే పాత పద్ధతిది అయితే ఇలా ఉంటుంది: టేకు దూలాలు, వాటి మీద సన్న ఇటుకలు నిలువుగా సున్నంలో, ఆ పైన ఇటుక ముక్కల సున్నపు గచ్చు, చివర చదరపు పెంకులు. ఇది బాగానే బతుకుతుంది, వందేళ్ళవి ఉన్నాయి. చెడగొట్టేది కారినప్పుడల్లా పైన వేసే సిమెంటు పూత. సున్నం పీల్చిన తేమ పైకి ఆరిపోయేది, సిమెంటు వేశాక కిందికి దిగి దూలం గోడలో దూరే చోట చేరుతుంది. మధ్యలో దూలం గట్టిగానే కనిపిస్తుంది, కుళ్ళేది గోడలోపల ఉన్న ఆ జానెడు కొన. పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళి ప్రతి దూలం కొనలో, గోడకు ఆనుకున్నచోట, గట్టిగా పొడవండి. అర అంగుళం కంటే లోపలికి దిగితే ఆ కొన పోయినట్టే. పన్నెండు దూలాల్లో రెండు మూడు పోతే కొత్త చెక్క అతికి, రెండువైపులా ఇనుప పట్టీలు బిగించి నిలబెట్టొచ్చు. సగం పోతే కప్పు మొత్తం మార్చాలి, ధర ఆ మేరకు తగ్గించి మాట్లాడండి.

"పైన ఖాళీ" అన్నారు కదా, కింది అంగడివాళ్ళు పైన సరుకు పెట్టుకుంటామని అడుగుతారు. ఇళ్ళకు డిజైన్ చేసే బరువు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. కాగితం బండిళ్ళు మీటరు ఎత్తు పేరిస్తే 700 కిలోలు దాటుతుంది. పేటలో మిద్దెలు కూలేది ముసలివై కాదు సత్యా, గోడౌన్లై.

సర్జాపూర్_సత్య:

అందరికీ థ్యాంక్స్, నోట్ చేసుకుంటున్నా. ఫ్లాటు ప్లాన్ 2018లో మంజూరైందట, 75 మీటర్లు వదిలారని చెప్తున్నారు. ఓసీ (కట్టడంలో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) "వచ్చేస్తుంది" అంటున్నారు. బళేపేటలో రెండు అంగళ్ళూ నా లెక్కకి చెరో 140 అడుగులు. ఇక అసలు సందేహం అలాగే ఉంది. కార్పొరేషన్ల డబ్బు చెరువుల చుట్టూ పోతుందా, పేటలోకి వస్తుందా? ఏది బాగుపడుతుంది?

డబుల్‌రోడ్_రమణ:

అన్నా, ఈ రెండూ వేర్వేరు అనుకోవడమే తప్పు. మ్యాప్ తీసి చూడు. కెంపేగౌడ కాలపు ధర్మాంబుధి చెరువు ఉన్నచోటే ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు ఉంది. అక్కడ మొదలయ్యే కోరమంగల లోయ కాలువ పేట పక్కగా, శాంతినగర మీదుగా పోయి పోయి బెళ్ళందూరులో కలుస్తుంది. సుమారు 11 కిలోమీటర్లు. కె-100 పేరుతో 2021 నుంచి బాగుచేస్తున్నది ఈ కాలువనే. బళేపేటలో మురుగు పైపు పూడుకుపోయి వాననీళ్ళ కాలువలోకి పొంగితే, అది నీ ఏడో అంతస్తు బాల్కనీ కిందికే వచ్చి చేరుతుంది. నీ ఇంట్లో రెండు పార్టీలు ఒకే కాలువకు ఆ కొస, ఈ కొస పట్టుకుని కొట్టుకుంటున్నాయి.

అందుకే వాకింగ్ ట్రాక్ చూసి మోసపోవద్దు. చెరువును సూపు గిన్నెలా నిలువుగా తవ్వి, చుట్టూ రాతికట్టు కట్టి, మీద పేవర్లు పరిస్తే మూడు నెలల్లో ఫోటోలు బాగా వస్తాయి. లోతు తక్కువ ఉన్న అంచులే పోతాయి. రెల్లు, తుంగ పెరిగేదీ పక్షులు దిగేదీ అక్కడే. జక్కూరు చెరువులో పద్ధతి వేరు: మురుగు ముందు శుద్ధి ప్లాంటులోకి, అక్కణ్ణుంచి చిత్తడిలోకి, ఆ తర్వాతే చెరువులోకి. చెరువు పక్క ఫ్లాటు కొనేవాడు చెరువులో ఏం కలుస్తోందో చూడాలి. చుట్టూ ఏం కట్టారో తర్వాత.

చర్చ్ స్ట్రీట్ పోలిక పేటకు అతకదు. అది బాగుచేసి 2018లో మళ్ళీ తెరిచిన ముప్పావు కిలోమీటరు వీధి, హోటళ్ళూ పుస్తకాల షాపులూ. టెండర్‌ష్యూర్ అనే పద్ధతిలో మళ్ళీ వేసిన నగర రోడ్లలో బండ్లు పోయే వెడల్పు అంతా ఒకేలా ఉంచి, మిగిలింది ఫుట్‌పాత్‌కిచ్చి, కరెంటు, కేబుళ్ళు, నీళ్ళ పైపులు దాని కింద గొట్టాల్లో పెట్టారు. రెసిడెన్సీ రోడ్డుకు ఆ వెడల్పు ఉంది. బళేపేటలో మిగిలించడానికేముంది? అక్కడ కావాల్సింది రాళ్ళు కాదు. సరుకు దింపే టైము రాత్రి పది నుంచి పొద్దున్న ఎనిమిదిలోపు పెట్టి గట్టిగా పట్టించడం, ప్రతి ఇంటి మురుగు కనెక్షన్ వాననీళ్ళ కాలువ నుంచి విడదీయడం, వేలాడే వైర్లు కిందికి దించడం. ఫోటోలో ఏవీ కనపడవు కాబట్టి రిబ్బన్ కత్తిరించడానికి ఎవరూ రారు. 2017 జూన్‌లో మెట్రో వచ్చింది, కొనేవాళ్ళు పెరిగారు, సందులు మాత్రం అలాగే ఉన్నాయి.

అలుగు_మట్టం:

రమణ గారూ, కాలువ మాట ఒప్పుకుంటా, రాళ్ళ మాట పూర్తిగా ఒప్పుకోను. మురుగు పైపు మార్చడానికి రోడ్డు ఎలాగూ తవ్వాలి. తవ్విన గుంత మూసి మళ్ళీ తారు పోసేకంటే, అదే ఖర్చులో గొట్టాలు పెట్టి పైన రాయి పరిస్తే రెండోసారి తవ్వక్కర్లేదు. ఎటొచ్చీ వరస తప్పకూడదు: ముందు మురుగు, తర్వాత వాననీరు, తర్వాత కేబుళ్ళు, చివర పైతలం. మన దగ్గర తిరగేసి చేస్తారు.

నక్షా_నరసింహ:

సత్య గారూ, మీ జవాబులు చూశాక రెండు మాటలు.

2018 ప్లాన్, 75 మీటర్లు నిజమే అయివుండొచ్చు. కానీ 2019 తర్వాత చాలామంది వదిలిన జాగాలో ఇంకో టవర్ కోసం సవరించిన ప్లాన్ తీసుకున్నారు. "మాడిఫైడ్ ప్లాన్ ఉందా" అని నేరుగా అడగండి, కర్ణాటక రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైటులో ప్రాజెక్టు పేజీలో అప్‌లోడ్ చేసిన ప్లాన్లతో పోల్చండి. ఆ రెండో టవర్ మీ బాల్కనీ ముందే రావచ్చు. ఓసీ లేకుండా మాత్రం పూర్తి డబ్బు కట్టకండి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఓసీ చూశాకే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఇవ్వాలంది, అప్పటినుంచి "తర్వాత చూసుకుందాం" కుదరడంలేదు. ఫ్లాటు పేరున ఈ-ఖాతా (కార్పొరేషన్ ఆన్‌లైన్ ఆస్తి రికార్డు) వచ్చిందో లేదో కూడా చూడండి, అది లేకుండా ఇప్పుడు రిజిస్ట్రేషన్ జరగదు.

140 అడుగుల అంగళ్ళంటే సుమారు 13 చదరపు మీటర్లు, రెండూ రెంట్ యాక్ట్ కిందికి రావచ్చు. అమ్మేవాళ్ళు "ఆరు నెలల్లో ఖాళీ చేయిస్తాం" అంటే, ఖాళీ చేయించి తాళం చేతికిచ్చిన రోజే మిగతా డబ్బు అని అగ్రిమెంట్‌లో రాయండి. ఒప్పుకోకపోతే అద్దె వచ్చే ఆస్తిగానే ధర కట్టండి, ఖాళీ స్థలం ధర కాదు.

సున్నం_సుర్ఖీ:

దూలాలు పొడిచే రోజు ముందు రాత్రి వాన పడి ఉంటే ఇంకా మంచిది, తడి మరక గోడలో ఎక్కడ దిగుతుందో అదే చూపిస్తుంది. అక్టోబరులో వెళ్ళండి.